పెళ్ళిచూపుల్లో బాస్కెట్‌బాల్

డిగ్రీ పూర్తయి ఉద్యోగం దొరకని ఆ ఏడాదిన్నరలో నాకు ప్రతి విషయం మీదా గట్టి అభిప్రాయం ఉండేది. విషయం తెలియడమే కొంచెం తక్కువ. పొద్దస్తమానం ఫోన్లో బాస్కెట్‌బాల్ వీడియోలు చూసేదాన్ని. మిషన్ స్కూల్లో చదివేటప్పుడు నేనూ జట్టులో ఉండేదాన్ని మరి. (జట్టులో అంటే బెంచీ మీద. మూడేళ్ళలో ఒక్కసారి ఆటలోకి దింపితే, ఆ సంబరంలో బంతిని మా బుట్టలోనే వేశాను.)

అప్పుడే చీపురుపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి, వాళ్ళమ్మగారు, మేనమామ పాసింజరు దిగి కోటబొమ్మాళిలో మా ఇంటికి వచ్చారు. "అడిగిందానికే సెప్పు, అడగంది సెప్పకు" అని అమ్మ ముందే హెచ్చరించింది. అబ్బాయి పకోడీ తింటూ, మీకేమంటే ఇష్టమండీ అని అడిగాడు. బాస్కెట్‌బాల్ అన్నాను. అతను పకోడీ ప్లేటులో పెట్టేశాడు. కాలేజీ జట్టులో ఆడేవాడట. "అయితే చెప్పండి, అందరిలోకీ గొప్ప ఆటగాడెవరు?"

అడిగిందే కదా అని నేను కొత్తాయన పేరు చెప్పాను. అతను నవ్వి పాతాయన పేరు చెప్పాడు. (పేర్లు రాయను. రాస్తే మీ ఇంట్లోనూ గొడవ మొదలవుతుంది.) ఆ నవ్వు లేకపోతే ఊరుకునేదాన్నేమో. ఎన్నేళ్ళుగా ఆడుతున్నాడో చూడండి అన్నాను. ఏళ్ళు కాదండీ, కీలకమైన ఆటలో చెయ్యి వణకకూడదు అన్నాడు. కాఫీలు వచ్చేసరికి మాటల్లో 'అండీ'లు రాలిపోయాయి. "నీకు ఆట తెలీదు" అని అతను, "నీకు మిగతావాళ్ళ ఆట కనపడదు" అని నేను. నాన్న గట్టిగా దగ్గాడు.

అక్కడే కూర్చున్న మా పెదనాన్నకు చెవులు కాస్త మందం. "ఎవులమ్మా ఆల్లిద్దరూ? మనోల్లేనా?" అన్నాడు.

"అమెరికావాళ్ళు పెదనాన్నా."

"ఆల్ల కోసం మీరు కొట్టుకుంతన్నారేటి?"

అబ్బాయి తల్లి అప్పుడడిగారు. "ఆల్లిద్దరూ ఎప్పుడైనా ఎదురెదురుగా ఆడినారా బాబూ?"

"లేదమ్మా. ఒకాయన మానేశాక ఇంకొకాయన వచ్చాడు."

"మరి ఎవులు గొప్పో ఎలగ తెలుస్తాది?"

ఎగతాళి కాదు, ఆవిడకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. నేను ఫోన్ తీసి ఇద్దరి వీడియోలూ పెట్టాను. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుని, ఆ గీత దేనికి, బంతిని చేత్తో పట్టుకుపోవచ్చు కదా, కింద కొడతారెందుకు అని ఒక్కొక్కటీ అడిగారు. సగానికి ఫోన్లోనే వెతికి చెప్పాను. "నువ్వెలగ ఆడేదానివమ్మా?" అంటే దాచలేక బెంచీ సంగతి, బుట్ట సంగతి చెప్పేశాను. అబ్బాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "మరి ఆ తరవాత మల్లీ ఏసేవా?"

"లేదండీ. మళ్ళీ దింపలేదు."

ఆవిడ నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలారు. ఇంతలో మేనమామ బండి టైమైపోనాదని లేచారు.

పది రోజులకు సంబంధం వద్దని కబురొచ్చింది. అమ్మాయి మాటకి మాట సెప్తాదని మేనమామ అన్నారట. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాన్న మాత్రం పెరట్లోకి పిలిచి, "ఇంతకీ కొత్తాయనేనా గొప్ప?" అని రహస్యంగా అడిగాడు.

నెల తరవాత ఫోన్. "నేనమ్మా, సీపురుపల్లి నుంచి." సంబంధం సంగతేమో అనుకున్నాను. "ఇద్దరి ఆటా రోజూ సూస్తన్నాను. మావోడికి సెప్పకు గానీ, నాకు నువ్వు సెప్పినాయనే నచ్చినాడు. తనే ఏసీగలడు, అయినా పక్కోడికి అందిస్తాడు సూడు."

సంబంధం ఊసే ఎత్తలేదు. ఫోన్ పెట్టేశాక పెరట్లో ఒక్కదాన్నే ఎగిరి గంతేశాను.

ఇప్పుడు నాకూ సంసారం ఉంది, ఉద్యోగం ఉంది. ఎవరైనా గట్టిగా వాదిస్తే అలాగేలెండి అనేసి తప్పుకుంటున్నాను. వచ్చిన సంబంధాన్ని చేతులారా పోగొట్టుకుని, నెల తరవాత దక్కిన ఒక్క ఓటుకి గంతులేసిన ఆ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.