కత్తి అప్పగించిన రాణి

ఒక ఆడమనిషి నన్ను నమ్మి ఇచ్చిన అర్జీని నేను అందజేయలేదు. అందజేశానని ఆమెతో అబద్ధం చెప్పాను. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు, ఉందేమోనని చాలా ఏళ్లు వెతికాను.

ఆ రోజుల్లో అనగానే మనవాళ్లకు కళ్లు చెమరుస్తాయి. ఈ అరబ్బు దేశంలో మనవాళ్లుండే అబ్బాసియాలో నలుగురు ముసలివాళ్లం చేరితే చాలు, "ఆ రోజులే బంగారం" అంటారు. ఏం బంగారమయ్యా? మంగఫ్‌లో గదికి పన్నెండు మంది, తెల్లారకముందే కంపెనీ బస్సు, షుఐబా ఫ్యాక్టరీల్లో పొగ, పాస్‌పోర్టేమో కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) బీరువాలో. బంగారమట! నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఏడో తరగతితో ఆగిన చదువును దొరికిన పుస్తకమల్లా చదివి సాగదీసుకుంటున్నవాణ్ణి కాబట్టి, మన తెలుగు సంఘం వేడుకకు కిత్తూరు రాణి చెన్నమ్మ నాటకం నేనే రాశాను. దత్తపుత్రుడికి రాజ్యం చెల్లదన్న ఇంగ్లీషువాళ్ల మీద కత్తి దూసి, చివరికి వాళ్ల చెరలోనే కన్నుమూసిన తల్లి ఆమె. వేషం కట్టడానికి ఆడవాళ్లెవరూ దొరకలేదు. క్యాంపులో అందరికంటే సన్నగా ఉన్న పాపానికి ఆ రాణిని కూడా నేనే అయ్యాను. మీసం తీసేసిన మర్నాటి నుంచి నాకు సొంత పేరు లేకుండా పోయింది. "రాణీ, యల్లా, బస్సొచ్చె!" అని ఒకడు. "రాణెమ్మా, రాజ్యం పోతే పోయె, నా బకెట్టు నాకియ్యి!" అని ఇంకొకడు. (కత్తి మాత్రం అసలుదానికి తీసిపోదు. పైపుల కట్టకు చుట్టే ఇనుప పట్టీని నేనే సానపెట్టి చేశాను.)

నాకు చీర కట్టింది రాయచోటి అక్క. ఒక అరబ్బు ఇంట్లో పనిచేసేది. ఒప్పందం రెండేళ్లకే. నాలుగో ఏడు నడుస్తున్నా ఆ ఇంటి మామా (యజమానురాలిని అక్కడ అలాగే పిలవాలి) ఆమెను ఊరికి పంపడం లేదు. కూతురికి పన్నెండేళ్లు వస్తున్నాయి. బిడ్డ పెద్దమనిషి అయ్యేనాటికి పక్కన ఉండాలని అక్క ఆరాటం. నెలకొక శుక్రవారం రెండు గంటలు బయటికి వదిలేవారు. ఆ రెండు గంటలూ ఆ నెల నా చీర కుచ్చిళ్లకే ఖర్చుపెట్టింది. ఊరికే కాదు.

"ఊపిరి బిగబట్టు నాయనా. రాణికి ఇంత చెమటేంది?"

"భయమక్కా."

"గుర్రమెక్కి కొట్లాడే ఆడదానికి భయమేంది?" అంటూ నాలుగు మడతలు పెట్టిన కాగితాన్ని నా జాకెట్టు లోపల పెట్టి పిన్నీసు గుచ్చింది. తనను ఊరికి పంపించమని టైలరు చేత ఇంగ్లీషులో రాయించుకున్న అర్జీ అది. "నాటకం అయినంక మన దేశం ఎంబసీ ఆఫీసరుకు దండేసేది నువ్వే కదా. అప్పుడు ఆయన చేతిలో పెట్టు. ఆయప్ప దగ్గరికి నన్ను ఎవురు పోనిస్తారు? నీకైతే ఆయనే చెయ్యి చాపుతాడు."

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. నాటకం చూడకుండానే ఆమె వెళ్లిపోయింది.

నాటకం బ్రహ్మాండంగా సాగింది. "ప్రాణమున్నంత వరకు ఒక్క అంగుళం వదలను!" అని నేను అరిచినప్పుడు వెనక వరుసల వాళ్లు కుర్చీలెక్కి ఈలలు వేశారు. తర్వాత దండ వేశాను. ఆఫీసరు పాపం నవ్వుతూ చెయ్యి చాపి, "శభాష్! ఏ కంపెనీ మీది?" అని అడిగాడు. అంతే. ఆ మాటతో నాకు నా కఫీల్ ముఖం కనబడింది. అర్జీ ఇచ్చింది ఫలానా కంపెనీవాడని తెలిస్తే ఇఖామా (అక్కడ ఉండనిచ్చే అనుమతి) ఖలాస్, నేను ఖలాస్. జాకెట్టు దాకా వెళ్లిన చెయ్యి పిన్నీసును తడిమి వెనక్కి వచ్చేసింది. చాపిన చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా? రెండు చేతులా కత్తిని పట్టి, తల వంచి, ఆయనకు అప్పగించాను. హాలంతా చప్పట్లు. "ఈ ముగింపు నువ్వు చెప్పనే లేదే, భలే పెట్టావయ్యా!" అని సంఘం కార్యదర్శి నా వీపు తట్టాడు.

మరుసటి నెల శుక్రవారం టైలరు కొట్టు ముందు అక్క ఎదురైంది. "ఇచ్చినావా నాయనా?"

"ఇచ్చినానక్కా. చూస్తామన్నాడు."

"నీ కడుపు చల్లగుండ" అని నా తల నిమిరింది. అప్పటికే ఆ కాగితాన్ని ముక్కలు చేసి షుఐబా చెత్తడబ్బాలో పారేశాను. ఆ తర్వాత శుక్రవారాలు నేను ఆ వీధి మానేశాను. మరో మూడేళ్లకు గానీ వాళ్లు ఆమెను పంపలేదనీ, కూతురి వేడుకను ఫోటోలోనే చూసుకుందనీ ఎవరో చెప్పగా విన్నాను.

ఇప్పుడు నాకు మీసమూ ఉంది, అదీ నెరిసింది. మొన్నామధ్య రాయచోటికి వెళ్లే మనిషి దొరికితే నాలుగు పేజీల ఉత్తరం పంపాను. (రెండుసార్లు సాపు రాశాను. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా అక్షరాలు గుండ్రంగా ఉండాలని నా తాపత్రయం, ఏం మనిషినో!) వారం తర్వాత నా ఫోనులోకి రికార్డు చేసి పంపిన ఆమె గొంతు వచ్చింది:

"బాగుండావా నాయనా? నీ జాబు మా మనవరాలు చదివి వినిపిచ్చింది. క్షమించక్కా, క్షమించక్కా అని అన్నిసార్లు రాస్తివి, పాపకు నోరెండిపాయ. నువ్వు ఇయ్యనందుకు నాకు కోపం లేదు, భయం ఎవురికి లేదు? అయితే ఇచ్చినానని చెప్తివే, ఆ మాట నమ్మి ఇంగెవుర్నీ అడగలే. మూడేండ్లు, గేటు కాడ కారు ఆగితే చాలు, నాకోసమే వచ్చినారని గుడ్డలు మూట కట్టుకొని నిలబడినా. స్టేజీ మీద చెయ్యి రాలేదని రాసినావు, సరే. నా ముందర అబద్ధానికి మాత్రం నోరు బాగానే వచ్చె కదా నాయనా."