అల్లుడు ఓడకూడని ఆట

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను చెప్పేదాంట్లో సగం తీసేసి చదవాలి. మా బావ గల్ఫ్ నుంచి తెచ్చిన సూట్‌కేసు మోయడానికి ఆరుగురు మనుషులు, ఒక తోపుడు బండి కావాల్సి వచ్చాయని రాస్తే, మీరు దాన్ని మా బావ ఒక్కడే, ఎడమ చేత్తో అని చదువుకోండి. ఇక ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఎనభైల నడిమి కాలం, శ్రావణ మాసం. సైదాబాద్‌లో మా ఇల్లు. మా అక్క భర్త సెలవు మీద వచ్చి, ఆ సూట్‌కేసులోంచి సబ్బులు, సెంటు సీసాలు తీసి అందరికీ పంచాక, అట్టడుగు నుంచి ఒక నల్లటి డబ్బా పైకెత్తాడు. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్. దాన్ని చూడ్డానికి కిటికీ ఊచలకు వేలాడిన జనం బరువుకి మా ఇల్లు రోడ్డు వైపు రెండడుగులు ఒరిగింది.

"మీకు పసందైతే ఈన్నే ఉంచుత," అన్నాడు బావ. "లేదంటే జహనుమాల మా తమ్ములు కాసుకోని కూసున్నరు."

నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. ఆ డబ్బా జహనుమాలో బావ వాళ్లింటికి పోతే నా బతుకులో ఇక చూడాల్సింది ఏమీ మిగలదని అప్పటికప్పుడు తేల్చేసుకున్నాను. కానీ మా ఇంట్లో ఏది ఉండాలో, ఏది పోవాలో చెప్పేది నాయనమ్మ. పైగా టీవీ ఉన్నది దేవుడి గూటి పక్కనే. శ్రావణంలో మా ఇంట్లో కోడిగుడ్డు పేరు కూడా గట్టిగా ఎత్తరు.

బావ మొదటి క్యాసెట్ పెట్టాడు. విమానాలు. ఆయన కాలుస్తుంటే టపటపా రాలాయి. నాయనమ్మ చేతిలో జపమాల ఆగిపోయింది.

"బంద్ చెయ్యి. ఎవలు సచ్చిండ్రు గాడ?"

"ఎవ్వలు సావలే నాయనమ్మా, ఉత్త బొమ్మలు," అన్నాను.

"అండ్ల డ్రైవర్ ఉండడా? ఆనికి పెండ్లాం పిల్లలు ఉండరా? కోడినే కోస్తలేము, దేవుని ముంగట మనిషిని సంపుతరా?"

రెండో క్యాసెట్‌లో ఒక కప్ప రోడ్డు దాటాలి. కప్పే కదా అని ధైర్యంగా పెట్టాను. సగం దారిలో దాని మీదుగా లారీ పోయింది. నాయనమ్మ వేసిన కేకకి వీధి చివర బస్సు ఆగింది.

"వానల కోసం కప్పతల్లికి నీళ్లు వోసి మొక్కుతరు, మీరు లారీ కింద ఏస్తరా? ఈ యేడు ఇగ వడ్డట్టే వానలు!"

మూడో క్యాసెట్ చివరిది. తెర మీద అటో కర్ర, ఇటో కర్ర, మధ్యలో ఒక తెల్లటి చుక్క. చుక్కని అవతలికి కొట్టాలి, వదిలేస్తే ఎదుటివాడికి పాయింటు. తీగలకు వేలాడే చిన్న డబ్బాల మీద, రేడియో గొంతు పెంచేలాంటి చక్రం తిప్పితే కర్ర కదులుతుంది. నాయనమ్మ విచారణ మొదలుపెట్టింది.

"గా సుక్క సస్తదా?"

"సావదు."

"ఓడినోడు ఏమైతడు?"

"ఏం గాడు. మల్ల ఆడుతడు."

"అయితే ఆడుండ్రి."

గండం గడిచిందనుకున్నాను. నేనూ బావా ఆటకి కూర్చున్నాం. ఇంకొక్క పాయింటుకు నేను గెలుస్తాననగా, వంటింటి కర్టెన్ దగ్గింది. అల్లుడికి ఎదురుపడకుండా కర్టెన్ వెనకే నిలబడే మా అమ్మ దగ్గు అది. ఆ దగ్గుకి పక్కింటి మేకలు తాళ్లు తెంపుకున్నాయి. అర్థమైంది. అత్తారింటికి వచ్చిన అల్లుడు ఓడకూడదు. చుక్కని వదిలేశాను.

తర్వాత మా బాపు కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని గడగడలాడించే మనిషి, చుక్క రాకముందే కర్ర పక్కకు జరిపి, మంత్రి కారుకిచ్చినట్టు దారిచ్చాడు. అక్కయితే పైకప్పు చూస్తూ ఆడింది. కిటికీ వదిలి లోపలికొచ్చి ఆడిన వాడకట్టు వాళ్లూ మర్యాద తప్పలేదు.

గెలిచి గెలిచి బావ మొహం మాడిపోయింది.

"ఏందే ఇది?" అన్నాడు అక్కతో. "నాకు భిక్షమేస్తుండ్రా?"

"నువ్వు మస్తు ఆడుతున్నవ్. మేమేం జెయ్యాలె?"

"గోడ తోని ఆడినట్టుంది. గోడ నయ్యం, బంతి వాపస్ ఇస్తది! డబ్బా జహనుమాకే పోతది. మా తమ్ములు సిగ్గు లేకుంట గెలుస్తరు."

నా గుండె జారి గడప దాటి రోడ్డు మీద పడింది. వంటింట్లోకి పరిగెత్తాను.

"అమ్మా, ఒక్కసారి ఓడగొడ్తనే!"

"నాల్క కోస్త. అల్లున్ని ఓడగొట్టి పంపిండ్రని వాళ్లింట్ల లొల్లి గాదా?"

ముందు గదిలోంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"ఓ కోడలా, ఆయన నీకు అల్లుడు. మరి నాకేమైతడు?"

"మనుమరాలి మొగుడు, అత్తమ్మా."

"అంటే మనుమడే గదా. మనుమనికి మొట్టికాయేస్తే అడిగేటోడెవడు? జరుగుండ్రి."

నాయనమ్మ తీగ డబ్బాని ఒళ్లో పెట్టుకుని చక్రం పట్టుకుంది. ఆ మణికట్టు ఇసుర్రాయి తిప్పి తిప్పి ఆరితేరింది. జీవితంలో అది విసిరిన పిండితో గోల్కొండ చుట్టూ ఇంకో గోడ కట్టొచ్చు. ముసలావిడ కదా అని బావ మొదటి రెండు చుక్కలూ వదిలేశాడు. ఆ తర్వాతవి ఆయన వదలకుండానే పోయాయి.

"కండ్లు తెరువు మనుమడా, సుక్క పోతుంది! గల్ఫ్‌ల గిట్లనే ఆడుతరా?"

కర్టెన్ దగ్గింది.

"ఓ కోడలా, కషాయం తాగు!"

బావ చొక్కా చెమటతో తడిసి, నేల మీద మడుగు కట్టింది. ఆఖరి చుక్క ఆయన కర్ర కిందుగా దూరిపోయింది. నాయనమ్మ గెలిచింది. బావ ఇల్లెగిరిపోయేలా నవ్వి, డబ్బా తీసి నాయనమ్మ ఒళ్లో పెట్టి, "ఇగ ఇది నీదే," అన్నాడు.

ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పేస్తాను. నాయనమ్మ గెలుపు అనుకుంటున్నారు కదూ? కాదు, ఆవిడ గెలిచింది, చిత్తుగా. నేను కల్పించింది బావ నవ్వు, డబ్బా ఒళ్లో పెట్టడం. ఆయన నవ్వలేదు. లేచి, చెప్పులేసుకుని, ఉత్త చేతులతో జహనుమా వెళ్లిపోయాడు. "డబ్బా?" అని అక్క గుమ్మం దాకా వెళ్లి అడిగితే, "దాన్ని నా కండ్లకు సూపెట్టకు," అన్నాడు. మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చి, మా అమ్మ కర్టెన్ వెనక నుంచి పంపిన ఉప్మా పక్కకు జరిపి, నాయనమ్మ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండో చక్రం చేతిలోకి తీసుకున్నాడు.