ముడి వెయ్యని కుట్టు

కొత్తవలసలో రైల్వే గేటు దాటి, చర్చి వెనక సందులోకి తిరిగితే జ్ఞానసుందరి ఇల్లు. ఆమె శవపెట్టెలకు గుడ్డ కట్టే మనిషి. భర్త జీవరత్నం వడ్రంగి. ఆయన పెట్టె చేసి ఇస్తే, ఈమె దానికి పైన నల్ల వెల్వెట్, లోపల తెల్లగుడ్డ, అంచు చుట్టూ లేసు కుచ్చులు పెట్టి కుట్టేది. భూస్థాపనకు వచ్చిన ఆడవాళ్లు ఏడుస్తూ ఏడుస్తూనే ఆ కుచ్చుల మీద ఒకసారి చెయ్యి వేసి చూసుకునేవారంటే అబద్ధం కాదు.

ఆ కుట్టుకు ఒక పద్ధతి ఉంది. అత్తగారు నేర్పింది. పోయినవాళ్ల గుడ్డకు దారం చివర ముడి వెయ్యకూడదు. కడపటి దినాన సమాధుల్లోంచి లేచి వచ్చేవాళ్లకు ఏ కట్టూ అడ్డు ఉండకూడదట. దారం కొసను కుచ్చు మడతలో దోపి వదిలెయ్యాలి, అంతే. ఇది బైబిలు వాక్యంలో ఎక్కడుందమ్మా అని పాస్టరు గారు నవ్వేవారు. ఎక్కడా లేకపోయినా ముప్పై ఏళ్లు ఆమె చెయ్యి అలాగే నడిచింది.

జీవరత్నం పోయినప్పుడు ఆయన పెట్టెకు కూడా తనే కుట్టింది. కళ్లు కనబడక రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. ఆ వెల్వెట్‌లో ఇంత గుడ్డ మిగిలింది. కూతురు ప్రిస్కిల్లాకు అప్పటికి పంతొమ్మిది, నర్సింగు చదువుతోంది. నాన్న పోయాక ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడదు. ఫోను చూస్తూ కూర్చుంటుంది. అందులో ఎక్కడెక్కడి పిల్లలో, ఒళ్లంతా నల్లబట్టలు, చెంపల దాకా కాటుక, పెదాలకు నల్లరంగు. ఒకనాడు ఆ మిగిలిన వెల్వెట్ తీసి, అమ్మ మిషను మీదే గౌను కుట్టుకుంది. మెడకు లేసు, అంచుకు కుచ్చులు. కుచ్చులు మాత్రం చేత్తోనే కుట్టింది.

"ఏటే ఈ ఏసం?" అంది జ్ఞానసుందరి.

"గోత్ అంతారమ్మా. ఆళ్లు దుఃఖాన్ని దాసుకోరు. ఒంటిమీద ఏసుకుంతారు."

"మనకున్న దుఃఖం సాలదేటి, మళ్లీ ఒంటిమీద కూడానా!"

నవ్వులాటగానే అంది. కానీ ఆ పిల్ల ఆ గౌను వదల్లేదు. చర్చికి అదే, బజారుకు అదే. వీధి చివర కూర్మమ్మ కూతురు పెళ్లికి కూడా కాటుక పెట్టుకుని ఆ గౌనులోనే వెళ్లి పందిట్లో కూర్చుంది. కూర్మమ్మ గొంతు మైకు అక్కర్లేని గొంతు.

"ఓలమ్మో జ్ఞానసుందరీ! మీ గుంట పెట్టిలోంచి లెగిసొచ్చినట్టున్నాదే! సుబమా అని పెళ్లి సేసుకుంతంటే ఈ నలుపేటి, ఈ పీనుగు గుడ్డేటి?"

పందిరి పందిరంతా నవ్వింది. ప్రిస్కిల్లా తలెత్తి కూర్చుంది. తలదించుకున్నది జ్ఞానసుందరి.

మర్నాడు పొద్దున్నే చర్చిలో పెద్దాయన ధనరాజు తాత పోయాడని కబురొచ్చింది. వేరే వడ్రంగి చేసిన పెట్టె వచ్చింది, చూస్తే ఇంట్లో వెల్వెట్ తక్కువ. తక్కువన్న మాట నిజం. విజయనగరం ఫోను చేస్తే మధ్యాహ్నానికి గుడ్డ వచ్చేది, అదీ నిజం. జ్ఞానసుందరి ఫోను చెయ్యలేదు. కూతురు కాలేజీకి వెళ్లాక, కొక్కేనికి ఉన్న గౌను తీసి విప్పడం మొదలుపెట్టింది. విప్పుతుంటే కుచ్చుల కుట్లు ఊడి రావు. బ్లేడు పెట్టి కోసింది. ఎందుకు రావడం లేదో ఆ తొందరలో ఆలోచించలేదు. కుచ్చు ముక్క ఒకటి, వేలెడంత, మిగిలింది. దాన్ని గుండీల డబ్బాలో పడేసింది.

సాయంత్రం పిల్ల వచ్చింది.

"నా గౌనేదమ్మా?"

"ధనరాజు తాత పెట్టికి గుడ్డ సాల్లేదే..."

ప్రిస్కిల్లా పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. కాటుక పోయింది. ఆ వారంలోనే హాస్టలుకు మారిపోయింది. చదువయ్యాక విజయనగరంలో ఆసుపత్రిలో నర్సుగా చేరింది. ఆదివారం ఫోను చేస్తుంది. "తిన్నావా? మాత్తర్లు ఏసుకున్నావా?" ఆ రెండు మాటలే, పెట్టేస్తుంది. నాలుగేళ్లుగా అంతే. మూడో మాట కోసం జ్ఞానసుందరి ఫోను చెవి దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంటుంది.

ఇలా ఉండగా ఈ ఏడాది విజయనగరం నుంచి, ఒకప్పుడు ఈ వీధిలోనే పెరిగిన ఈశ్వరి వచ్చింది. ఆమెకు బట్టల బొటిక్ ఉంది. ఫోను తీసి బొమ్మ చూపించింది. నల్ల వెల్వెట్ గౌను, మెడకు లేసు, అంచుకు కుచ్చులు.

"ఇప్పుడిదే నడస్తన్నాది పిన్నీ. గోత్ అంతారు. రిసెప్షన్లకి గుంటలంతా ఇదే అడుగుతన్నారు. నీ కుచ్చులు సూసినాను, ఎవులికీ రావు. ఆరు కుట్టిస్తావేటి?"

జ్ఞానసుందరి ఆ బొమ్మ వంక చూసింది. "ఇది నలుపు కదే, సుబకార్యానికి..." అంది.

"ఆ రోజులు పోనాయి పిన్నీ!"

ఇంకా వింత, సాయంత్రానికి కూర్మమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. "మా పెద్దోడి కూతురు ధనలక్ష్మికి ఆ ఆరింట్లో ఒకటి ఈశ్వరికి సెప్పినాను. మెడకాడ లేసు ఒత్తుగా పెట్టు." ఆ పందిట్లో అన్న మాట ఆమెకు గుర్తే లేదు. జ్ఞానసుందరి గుర్తు చెయ్యలేదు. కొలతలు రాసుకుంది.

ఆరూ కుట్టి ఇచ్చింది. వారం తిరగకుండా ఈశ్వరి ఆటో దిగి, సంచీ తెచ్చి గుమ్మంలో కుమ్మరించింది.

"పిన్నీ, ఏటి సేసినావు? ధనలక్ష్మి స్టేజీ ఎక్కి బొకే ఇస్తంటే కుచ్చులన్నీ జారిపోనాయి! మిగతావీ అంతే. సూడు, ఎక్కడా ముడి నేదు!"

జ్ఞానసుందరి కళ్లజోడు పెట్టుకుని చూసింది. నిజమే. ఆరు గౌన్లకూ దారం కొసలు మడతలో దోపి ఉన్నాయి. బతికున్న పిల్లలకు పోయినవాళ్ల కుట్టు కుట్టింది. తను చెయ్యలేదు, చెయ్యి చేసింది.

"ఒగ్గీయమ్మా, మళ్లీ కుట్టి ఇస్తాను" అంది.

సూది కోసం గుండీల డబ్బా తీస్తే, ఆ వేలెడు ముక్క చేతికి తగిలింది. వెనక్కి తిప్పింది. కుట్టు చివర ముడి. ఒకటి కాదు, ముడి మీద ముడి. ఆనాడు బ్లేడు ఎందుకు కావలసి వచ్చిందో అప్పుడు తెలిసింది. తన ఇంట్లో పుట్టిన పిల్ల, చిన్నప్పటి నుంచి పక్కన కూర్చుని చూసిన పిల్ల. ఏ కుట్టు ఎవరిదో దానికి తెలుసు. పీనుగు గుడ్డ కట్టుకోలేదు అది. నాన్న గుడ్డతో బతికున్న మనిషి గౌను కుట్టుకుంది. ఆ సంగతి ఊరికి తెలియకపోవడంలో వింత లేదు. ముప్పై ఏళ్లు ఆ పనే చేసిన తల్లికి తెలియలేదు.

ఆరు గౌన్లకూ ముడులు వేసి పంపేశాక, ఏడోది కుట్టింది. కూతురి కొలతలు పాతవే ఉన్నాయి. నడుము లోపల, కనబడని చోట, ఆ వేలెడు ముక్క పెట్టి కుట్టింది.

జీవరత్నం జ్ఞాపకార్థ కూడికకు ప్రిస్కిల్లా వచ్చింది. డ్యూటీ నుంచి అలాగే వచ్చింది, చేతి మీద తెల్లకోటు. ప్రార్థన అయి అందరూ వెళ్లాక, జ్ఞానసుందరి గౌను తెచ్చి కూతురి ఒళ్లో పెట్టింది.

ప్రిస్కిల్లా లేసు చూడలేదు, కుచ్చులు చూడలేదు. అంచు తిరగేసి వేలితో తడుముకుంటూ పోయింది. ఒక్కో ముడి దగ్గర వేలు ఆగింది. నడుము దగ్గర ఆ ముక్క తగిలింది. అక్కడ ఆగిపోయింది.

"ఇదెక్కడిది?"

"అదొక్కటే మిగిలినాదమ్మా. నాను తప్పు సేసినాను. గుడ్డ సాల్లేదని కాదు. సిగ్గేసి."

బయట కిరండూల్ వైపు గూడ్సు బండి వెళ్లింది, పెట్టె పెట్టెకూ కిటికీ ఊచలు అదిరాయి. అది దాటాక ప్రిస్కిల్లా అంది.

"ఈ గౌను ఈశ్వరక్కకిచ్చీయి. ఇప్పుడు ఊరంతా ఏసుకుంతన్నారు, ఆళ్లకి బాగున్నాది. నాకొద్దు."

జ్ఞానసుందరి గౌను తీసి మడత పెట్టబోయింది.

"బ్లేడు ఇలాగియ్యి" అంది ప్రిస్కిల్లా. ఆ వేలెడు ముక్కను మాత్రం జాగ్రత్తగా విప్పి తీసుకుంది. తెల్లకోటు తిరగేసి, ఎడమ జేబు వెనక పెట్టి, సన్నగా చుట్టూ కుట్టుకుంది. పైకి ఏమీ కనబడదు. చివరికొచ్చాక సూది తల్లి చేతిలో పెట్టింది.

"ముడి నువ్వెయ్యి."

జ్ఞానసుందరి చెయ్యి అలవాటుగా దారాన్ని మడతలోకి దోపబోయి ఆగింది. వెనక్కి లాగి ముడి వేసింది.

"ఇంకోటెయ్యమ్మా" అంది ప్రిస్కిల్లా.