అమ్మమ్మకు కావలసిన కొత్త మొహాలు

మా అమ్మమ్మ దోనా జొవెలీనా కంట పడ్డాక, రెండో తరగతి పిల్లల చదువు వినకుండా జురెమాల్ ఊరు దాటిన పరాయి మనిషి ఈ బ్రెజిల్ దేశంలోనే లేడు. దేశాధ్యక్షుడి హెలికాప్టర్ దారి తప్పి మా ఊళ్ళో దిగినా అంతే. ఆయన బడి వరండాలో పిల్లల కుర్చీ మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చోవాలి, పదకొండు మంది చదివింది వినాలి, మార్కులు వేయాలి. దేశం సంగతి ఆ తర్వాత.

చదువు పరీక్ష మా బడికి కొత్తేమీ కాదు. రెండు నెలలకోసారి మునిసిపాలిటీ నుంచి ఒక పరీక్షాధికారి వస్తాడు. టీచర్‌ని బయటికి పంపి, పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి, ఒక్క నిమిషం చదివించి వెళ్తాడు. రెండో తరగతి టీచరైన అమ్మమ్మకు అది చాలలేదు. ప్రతి శుక్రవారం సొంత పరీక్ష పెట్టింది. దానికి మార్కులు వేయడానికి ఊరివాళ్ళు పనికిరారు, కొత్త మొహాలే కావాలి.

దొరికినవాడి చేతిలో గుడ్లు ఉడికేటప్పుడు వాడే చిన్న గడియారం పెట్టేది. "ఒక్క నిమిషం చదువుతారు నాయనా. తడబడ్డ మాట కింద గీత గియ్యి. అయ్యాక ఏం అర్థమైందో ఒక ప్రశ్న అడుగు. టపియోకా అట్టు వేసిస్తా, కాఫీ కూడా" అనేది.

ఆ గీతల కాగితాలు ఇంటికి తెచ్చి, ఎవరు ఏ మాట దగ్గర ఆగారో నోటుబుక్కులో ఎక్కించేది. వచ్చే శుక్రవారానికి ఎవరి మాటలతో వాళ్ళకో కొత్త కథ రాసేది. 'తాబేలు' దగ్గర నోరు తిరగని ఎలీజియోకు మరుసటి వారం పదకొండు తాబేళ్ళు ఫుట్‌బాల్ ఆడిన కథ వచ్చింది. వాడిప్పుడు నిద్రలో లేపినా తాబేలంటాడు.

ఒక శుక్రవారం నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్ దొరికాడు. ఊరంతా బిందెలు వరసలో పెట్టి ఎండలో నిలబడితే, ఆ పెద్దమనిషి వరండాలో కూర్చుని, తాబేళ్ళలో ఎవరు గెలిచారో చెబితేగాని కదలనన్నాడు. ఇంకోసారి కౌన్సిలర్ పదవికి పోటీచేస్తున్నాయన ఓట్లకోసం వచ్చాడు. అమ్మమ్మ చెయ్యి చాచగానే ఆశీర్వాదం అనుకుని వంగాడు, అరచేతిలో గడియారం పడింది. ఆయన తెలివిగా పదకొండు మందికీ నూటికి నూరు వేసేశాడు. అమ్మమ్మ కాగితాలు తిరగేసి, కళ్ళజోడు సర్దుకుంది.

"ఒక్క గీతా లేదేం?"

"పిల్లలు బంగారాలండీ."

"బంగారాలే. కానీ నువ్వు ఇట్లా మార్కులేస్తే రేపు ఎవరికి ఏం నేర్పాలో నాకెట్లా తెలుస్తుంది? కూర్చో. మొదట్నుంచీ విను."

ఆయన మళ్ళీ విన్నాడు. ఎన్నికల్లో ఓడిపోయాడు. ఆ నేరం అమ్మమ్మదేనని ఇప్పటికీ అంటాడు.

హెడ్మిస్ట్రెస్ జులేయిదీ గారికి తల కొట్టేసినట్టుండేది. "జొవెలీనమ్మా, ఇది బడి, బస్టాండు కాదు" అంది ఒకరోజు.

"బస్టాండైతే బావుండేది. గంటకో బస్సు" అంది అమ్మమ్మ. ఆ మర్నాడే ఫోర్తలేజా బస్సు మా ఊరి మలుపులో చెడిపోయి ముప్ఫై ఎనిమిది మంది దిగారు. ఆ ఇంజన్లో పంచదార పోసింది మా అమ్మమ్మేనని ఊళ్ళో చాలామంది నమ్మకం.

ఏడో తరగతిలో బడికి దణ్ణం పెట్టి బైక్ టాక్సీ నడుపుకుంటున్న నాకు కూడా ఇందులో ఉద్యోగం పడింది. నా వెనక కూర్చున్న పరాయివాళ్ళను బడి మీదుగా తీసుకెళ్ళాలి. పైగా ఏ వారానికి ఎవరు కావాలో ముందే చెప్పేది. ఏప్రిల్‌లో ముసలమ్మలు మాత్రమే. జూన్‌లో కళ్ళజోడు ఉన్న ఆడవాళ్ళు. ఆగస్టులో మగవాళ్ళు, కానీ గడ్డం ఉండకూడదు. గడ్డం ఉన్న ఒక పురుగుమందుల ఏజెంటును తీసుకెళ్తే, టపియోకా చేతిలో పెట్టి గేటు దగ్గర్నుంచే పంపేసింది.

అక్టోబరులో మాట మార్చింది. "ఒరేయ్ వాల్మీర్, ఈసారి గడ్డం కావాలి. టై ఉంటే మరీ మంచిది."

"టై కట్టుకుని బైకెక్కేవాడు ఎక్కడ దొరుకుతాడు అమ్మమ్మా?"

"నీ టై తీసుకెళ్ళి కట్టు."

నాకు టై లేదు. తాతయ్య పెళ్ళినాటి టై నా జేబులో పెట్టింది. నెల రోజులు నేను గడ్డం ఉన్న ప్రతివాడినీ ఆపి, మెడకు టై కట్టి తీసుకొచ్చాను. ఒకాయన ఉరి తీస్తున్నాననుకుని పర్సు తీసిచ్చాడు.

ముసలితనం వచ్చి మతి తప్పిందని ఊరు తీర్మానించేసింది. నేనూ చెయ్యెత్తాను, అబద్ధమెందుకు.

నవంబరు పరీక్షకు ముందురోజు అమ్మమ్మ నోటుబుక్కు బల్లమీద వదిలి పెరట్లోకి వెళ్ళింది. తెరిచాను. ఒక్కొక్కరికీ ఒక పేజీ, పేజీ నిండా తడబడ్డ మాటలు. ఒక్క సులమీత పేజీలో మాత్రం మాటలు లేవు. మనుషులున్నారు.

'మేకలమ్మే ముసలమ్మ: నోరు విప్పలేదు. పూలగౌను ముసలమ్మ: పెదవులు కదిలాయి. కళ్ళజోడు నర్సు: మూడు మాటలు. ట్యాంకర్ డ్రైవర్: ఒక వాక్యం, నవ్వింది. గడ్డం ఆయన గేటు దగ్గర కనబడ్డాడు: బల్లకింద దూరింది. గడ్డాలు ఇంకా వద్దు. అక్టోబరు, టై కట్టిన గడ్డాలు: బల్లకింద దూరలేదు.'

సులమీత ఊయలలు నేసే లిందాల్వా కూతురు. ఏడేళ్ళది. అమ్మమ్మ దగ్గర గడగడా చదువుతుంది. పరాయి మనిషి కనబడితే గొంతు పూడుకుపోతుంది. పరీక్షాధికారి ఎన్నిసార్లు వచ్చినా దానికి సున్నాయే. నవంబరులోనూ సున్నా వస్తే, మళ్ళీ రెండో తరగతే చదవాలి, తమ్ముడి పక్కన కూర్చుని. అప్పుడిక బడికే పంపనని లిందాల్వా అప్పటికే అనేసింది.

నోటుబుక్కు ఎలా ఉందో అలా మూసేశాను.

మర్నాడు పరీక్షాధికారి కారు దిగాడు. గడ్డం, టై, తోలు సంచి. అమ్మమ్మను నియమం ప్రకారం బయటికి పంపారు. కిటికీ కింద గోడకు ఆనుకుని నిలబడింది. నేను పక్కన నిలబడ్డాను. సులమీత పేరు పిలిచారు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుంది. డెబ్బై ఏళ్ళ మనిషికి అంత పట్టు ఉంటుందనుకోలేదు.

అప్పుడు లోపల్నుంచి సన్నటి గొంతు వినబడింది. "మిమ్మల్ని కూడా వాల్మీరే పట్టుకొచ్చాడా?"

ఆయనేమన్నాడో వినబడలేదు.

"టై బిగుసుకుంటే కాస్త వదులు చేసుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు" అంది సులమీత. అని చదవడం మొదలుపెట్టింది. నిమిషం అయిపోయిందని ఆయన చెప్పినా ఆగలేదు, పేజీ చివరిదాకా లాక్కెళ్ళింది.

ఆయన బయటికి వచ్చాక, ఆ పిల్ల 'చదవగలదు' అన్న వరసలో పడిందని చెప్పాడు. ఈ వాల్మీర్ ఎవరని కూడా అడిగాడు. నేను చెట్టువైపు చూశాను. అమ్మమ్మ గోడ సున్నం అంటిన వీపుతో లోపలికి పోయి ఆయనకు టపియోకా వేసింది. తనూ ఒకటి తింది. నేనడిగితే పిండి అయిపోయిందంది.

ఇదంతా రాసి నిన్న అమ్మమ్మకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా వింది. మెచ్చుకుంటుందని కాసేపు చూశాను.

"ఎలా ఉందో చెప్పవేం అమ్మమ్మా?"

"ఆ పిల్ల అసలు పేరు పెట్టావు, అది మార్చు. నా పేరు ఉండనీ. నాకు పిచ్చని ఊరందరికీ తెలుసు."