నా ధైర్యం మీద మనవరాలి ప్రాజెక్టు

మూరెడు మృగం నా మీద దూకినా రెప్ప వేయని మనిషిని నేను. అందుకే నరసరావుపేటలో సైకాలజీ చదివే మనవరాలు తన ప్రాజెక్టుకు నన్ను ఎంచుకుంది.

“తాతయ్యా, నీకు దేన్నన్నా చూస్తే భయమా?” అని అడిగింది.

“పల్నాడోణ్ణి, నాకు భయమేందే?” అన్నాను. ఆ మాట పూర్తికాకముందే మృగం నా భుజం మీద పడింది. నిజం చెప్పాలంటే అది వేలెడంత బల్లి. నేను కెవ్వుమని మంచం మీదకు ఎగిరాను.

“నువ్వు చెప్పింది సెల్ఫ్ రిపోర్టు, నేను చూసింది అబ్జర్వేషన్. రెండూ కలవలేదు తాతయ్యా. రేపు క్లాసులో ఇదే చెబుతా” అంది.

కాలేజీలో నా పరువు పోతుందని, “బల్లిని తరమడానికి ఎక్కానని రాయవే” అని బతిమాలాను.

“అయితే చూసిన ఇంకొకరిని కూడా అడగాలి” అంటూ పక్కనే ఉన్న మా ఆవిడ వైపు తిరిగింది.

“మంచమెక్కిందెక్కడే? మీ తాత నా ఎనక దాక్కున్నాడు. బల్లిని తోలింది నేను. అట్టా రాసుకో.”