అగ్నిమూలలో జనరేటరు

మా నాయన శ్రీనివాసప్పకు అరవై దాటాయి. తమిళనాడులో ధర్మపురి పక్కనుండే సోగత్తూరులో పుట్టాడు, సోగత్తూరులోనే ఆవుల వెనక తిరిగి ముసలివాడయ్యాడు. ఇంట్లో తెలుగు, బయట తమిళం, ఆవులతో మాత్రం రెండూ కానిదేదో మాట్లాడేవాడు. తెలుగు అక్షరం ముక్క రాదు, తమిళం బస్సు బోర్డు చదివేంత వచ్చు. అలాంటి మనిషి కంప్యూటర్ ఆటలో పడ్డాడని ఊళ్లో నవ్వారు. నవ్వినవాళ్ల నోట్లో మన్ను పడ! వాళ్లకేం తెలుసు?

గడ్డల జబ్బు వచ్చి మా ఆవులు మూడూ పోయాయి. చుక్క, కపిల, సెవ్వంది. ఒళ్లంతా గడ్డలు లేచి, మేత మానేసి, ఒకదాని తరవాత ఒకటి. ఆ తరవాత నాయన మాట మానేశాడు. కోపమూ లేదు, ఏడుపూ లేదు. కొట్టంలో ఆవులను కట్టే గూటాలు ఖాళీగా ఉంటే వాటి ముందు కూర్చునేవాడు. ఇంకో ఆవును తెద్దామంటే లేచి అవతలికి పోయేవాడు. కన్న తండ్రి కళ్ల ముందే తరిగిపోతుంటే, ఏం చేయాలో తెలియక నాకు భయం పుట్టింది.

నేను కలైవాణిని, ఒక్కతే కూతుర్ని. చెట్టికరై ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ చదివి, ధర్మపురి టౌనులో ఇన్వర్టర్లు బాగుచేసే అంగడిలో పని చేస్తున్నాను. కాలేజీ రోజుల్లో నేనొక ఆట ఆడేదాన్ని. అందులో దిమ్మె మీద దిమ్మె పేర్చి ఇల్లు, పొలం, ఊరు ఏదైనా కట్టుకోవచ్చు. ఆడేవాళ్లే దానికి కొత్త హంగులు తయారుచేసి తగిలిస్తుంటారు. ఒక హంగు తగిలిస్తే ఆవులకు దాహం వేస్తుంది. ఇంకొకటి తగిలిస్తే జనరేటరు, వైరు, నీళ్ల మోటారు పెట్టుకోవచ్చు. ఒక ఆదివారం నా పాత లాప్‌టాప్‌లో రెండూ ఎక్కించాను. కొట్టం కట్టి, నీళ్లతొట్టికి మోటారు, బ్యాటరీ, జనరేటరు తగిలించి, మూడు ఆవులను వదిలి, వాటి నెత్తిన తమిళంలో పేర్లు రాసి నాయన ముందు పెట్టాను.

మా అమ్మ తిమ్మమ్మ తొంగిచూసి, "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుండాది నీ యవ్వారం" అంది.

నాయన చాలాసేపు చూశాడు. తరవాత, "చుక్కకు నొసట తెల్లమచ్చ ఏదీ?" అన్నాడు. నెలల తరవాత విన్న మొదటి మాట. నేను వంటింట్లోకి పోయి నోట్లో పైట కుక్కుకుని ఏడ్చాను.

మచ్చ పెట్టాను. ఆయన మౌసు పట్టడం నేర్చాడు. నడవడం, దిమ్మె తీయడం, పెట్టడం, కంచె వేయడం. "కపిలా, జరుగు" అని తెరను అదిలించేవాడు. సాంబారులో ఉప్పు లేదని అమ్మతో మళ్లీ పోట్లాడాడు. అమ్మ ఆ తిట్లు విని సంబరపడింది. ఆ మూడు బొమ్మ ఆవులే మా నాయనను పట్టి నిలిపాయి, అవి పోతే ఈయనా పోతాడు. ఆ సంగతి మాకిద్దరికీ తెలుసు.

ఒక సాయంత్రం అంగడి నుంచి వచ్చేసరికి ఆయన మొహం పాలిపోయి ఉంది.

"వాణీ, తొట్లో నీళ్లు పడలే. చుక్క పాయె."

చేత్తో నీళ్లు పోసే వీలు ఆ హంగులో లేదు, మోటారు నడవాల్సిందే. మా అంగడిలో పద్ధతి ఒకటే: లైటు వెలగలేదంటే లైటు దగ్గర మొదలుపెట్టి వెనక్కి పోతాం. మోటారు బాగుంది. వైరు తెగలేదు. బ్యాటరీ ఖాళీ. జనరేటరు దగ్గరికి పోతే, నేను పెట్టిన చోట అది లేదు!

"నాయనా, జనరేటరు ఏడ?"

"నేనే మార్చినాను. నిప్పు మండేది అగ్నిమూలలో ఉండాల గదా. నువ్వు వాయుమూలలో పెట్టినావు. అంత చదివినావు, ఇదన్నా తెలీదా?"

"అగ్నిమూల అంటే కొట్టం పక్కనే పెట్టొచ్చు కదా?"

"కొట్టానికి కాదు మే, స్థలం మొత్తానికి చూడాల."

స్థలం మొత్తమంటే ఆయన కంచె వేసుకున్నదంతా. పొలాలు దాటి ఆ కొసన, ఆగ్నేయంలో జనరేటరు పెట్టి, కొట్టం దాకా వైరు లాగాడు మహానుభావుడు. అంత దూరమూ నడిచి పోయాను. జనరేటరు భేషుగ్గా మండుతోంది. బొగ్గు నిండుగా ఉంది. తిరిగి కొట్టానికి వస్తే కరెంటు లేదు. వెనక్కి తెచ్చేస్తానంటే ఒప్పుకోలేదు. "అగ్నిమూల కదిలిస్తే గొడ్లకు కీడు. అది నడుస్తానే ఉండాది గదా, తప్పు ఇంకేడనో ఉండాది, చూడు" అన్నాడు. నిజమే, అది నడుస్తూనే ఉంది.

వైరు మార్చాను. మోటారు మార్చాను. బ్యాటరీ మార్చాను. ఆ హంగు తయారుచేసినవాడెవడో వాడి ఏడు తరాలనూ తిట్టాను. పొద్దున నేను పనికి పోయి సాయంత్రం వచ్చేదాకా నాయన తెర ముందునుంచి లేవడంలేదని అమ్మ మొత్తుకుంది. నేను బాగుచేసేదాకా ఆట మూసిపెట్టమని బతిమాలాను.

"దాహంతో ఉండేవాటిని వదిలి ఎట్ల పోను? పావం గదా" అన్నాడు.

కపిల కూడా పోయింది.

ఇక సెవ్వంది ఒక్కటే. అప్పుడు నా బుర్ర వెలిగింది: నేను చూసినప్పుడల్లా మండే జనరేటరులో బొగ్గు ఎందుకు తగ్గలేదు? అంటే, ఆటలో మనం నడిపే బొమ్మ మనిషి దగ్గరుంటేనే అది మండుతోంది! నా లాప్‌టాప్ పాతది కాబట్టి, ఆటలో మనిషి చుట్టూ కొంత మేరే మేలుకొని ఉంటుంది. దాని అవతలిదంతా నిద్రపోతుంది. నాయన కొట్టంలో ఉంటే జనరేటరు నిద్ర. జనరేటరు దగ్గరుంటే కొట్టం నిద్ర, ఆవులకు దాహమే వేయదు.

తప్పు దొరికిందన్న సంతోషంలో నోటికి అడ్డూ ఆపూ లేకుండా అంతా చెప్పేశాను. "నువ్వు పక్కన కూర్చుంటేనే వాటికి దాహం నాయనా! నువ్వు దూరం పోయింటే ఏమీ అయ్యేది కాదు. ఉండు, జనరేటరును కొట్టం పక్కకు తెస్తా, నిమిషం పని."

ఆయన నా చేతిని మౌసు మీద పట్టి ఆపాడు.

"వద్దులే. నేను పక్కన లేకుంటే సెవ్వంది బతుకుతాది గదా?"

"బతుకుతాది, కానీ..."

"గొడ్ల డాక్టరు గూడా ఇదే చెప్పినాడు వాణీ. చుక్కకు జబ్బు తగులుతానే, దాన్ని దూరంగా వేరే కట్టేయమన్నాడు. ఒంటిగా ఉంటే మేత ముట్టదని నేనే తోలుకొచ్చి తక్కినవాటి పక్కన కట్టినాను. మీకు చెప్పలే."

ఆయన మౌసు తీసుకుని కొట్టంలోంచి బయటికి నడిచాడు. కంచె దాటాడు, పొలాలు దాటాడు, కొట్టం కనబడకుండా పోయేదాకా నడిచాడు. తరవాత లాప్‌టాప్ మూసేసి నా చేతికిచ్చాడు.

జనరేటరును నేను మార్చేశాను. ఇప్పుడు తొట్టి నిండుగా ఉంది, సెవ్వంది బతికే ఉంది. చూడమని ఎంత అరిచి గీపెట్టినా ఆయన చూడడు. అరిచాను కూడా, నీ మూఢత్వం తగలెయ్య అని.

నిన్న అమ్మ అన్నం పెట్టి ఎప్పటిలాగే పక్కన కూర్చుంది. నాయన కంచం తీసుకుని గోడ వారకు జరిగి, "నా పక్కన కూర్చోవద్దు మే, దూరంగా పో" అన్నాడు.