ఎవరూ ముట్టుకోని బల్ల

కబేళాలో ఆవిణ్ణి అందరూ దూదిపుల్ల మేడమ్ అంటారు. మాంసం కోసే బల్లల మీద దూదిపుల్ల రుద్ది, ల్యాబులో సూక్ష్మక్రిములను లెక్కపెట్టడం ఆవిడ ఉద్యోగం. మేనేజరుగారు మహా మర్యాదస్తులు. పదకొండేళ్లుగా కత్తి తగలని ఒక బల్లను ఆవిడ కోసమే అద్దంలా తోమించి ఉంచుతున్నారు. పక్క బల్ల వైపు తిరిగితే చాలు, "అయ్యో, అక్కడంతా తడి మేడమ్, బట్టలు పాడైపోతాయి" అని అడ్డం పడతారు.

ఈసారి ఆవిడకు ఒళ్లు మండింది. సంతకానికి ఆయన ఇచ్చిన పెన్ను మీదే దూదిపుల్ల రుద్దింది. ల్యాబులో చూస్తే క్రిములు కిటకిటలాడుతున్నాయి. "చేతులూ, బల్లలూ అన్నీ కడిగించండి" అని ఘాటుగా రిపోర్టు పంపింది.

మరుసటి వారం మేనేజరుగారు కవరు విప్పని కొత్త పెన్ను అందించారు.

"ఇకమీదట దీన్నే పరీక్షించుకోండి మేడమ్. ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు!"